బజర్ నొక్కేది ఇంట్లోవాళ్లు

అమ్మాయ్, కొత్త గేమ్ షో నీ చేతిలో పెట్టారని, ప్రొడ్యూసర్‌గా టైటిల్స్‌లో నీ పేరు పడబోతోందని విని సంతోషించాను. రెండు ముక్కలు రాసి పంపండి సార్ అన్నావు. రెండు ముక్కల్లో తేలే పనైతే ఫోన్లోనే చెప్పేవాణ్ని. క్విజ్జులు, ఆడవాళ్ల ఆటలు, సినిమావాళ్ల ఆటలు, పిల్లల ఆటలు అన్నీ తీసినవాణ్ని గనక తోచినవి తోచినట్టు అంకెలు వేసి రాస్తున్నాను. వరుసకు అర్థమేమీ లేదు, ఒకటో అంకెకు తప్ప.

1. ఆట ఆడేది ఫ్లోర్ మీద నిలబడ్డవాళ్లు కాదు, టీవీ ముందు కూర్చున్నవాళ్లు. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ ఒకావిడ ‘బీ అను, బీ అను, అయ్యో ఆ మాత్రం తెలీదా’ అని తెర మీద మనిషిని కసురుతుంది చూడు, అసలు ఆట అక్కడ నడుస్తోంది. ఆవిడ కసరడం మానేస్తే మరుక్షణం రిమోట్ చేతిలోకి వస్తుంది. సెట్టుకు ఎంత పోశావు, జిమ్మీ జిబ్ క్రేన్ కెమెరా ఎన్ని చక్కర్లు కొట్టింది అన్నది ఆవిడకు అక్కర్లేదు. ప్రశ్న తెర మీద ఎంతసేపు నిలిచింది, ఆలోచించుకునే వ్యవధి దొరికిందా, తను చెప్పేలోపే యాంకర్ జవాబు బయటపెట్టేసిందా అన్నవే ఆవిడ పట్టింపులు.

2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ మొదలైనప్పుడు అందరూ అమితాబ్ బచ్చన్‌ను, కోటి రూపాయల చెక్కును చూశారు. మా బోటివాళ్లం అందులోని నిదానాన్ని చూసి నోరెళ్లబెట్టాం. దాని మాతృక 1998 సెప్టెంబరులో బ్రిటన్ ఐటీవీలో మొదలైన ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్’. అప్పటిదాకా క్విజ్ అంటే ఠక్కున చెప్పాలి, లేకపోతే ప్రశ్న పక్కవాడికి పోతుంది. ఇందులో నాలుగు జవాబులూ తెర మీద పెట్టేసి, పోటీదారు ముందు నుంచి గడియారం తీసేశారు. గడియారం లేదు గనక అతను పైకే ఆలోచిస్తాడు, ఒక జవాబు అనబోయి ఆగుతాడు, మళ్లీ మొదటికొస్తాడు. ఈలోపు ఇంట్లో తాతయ్య నుంచి మనవడి దాకా అందరూ తలా ఒక జవాబు పట్టుకుని కూర్చుంటారు. మొదటి నాలుగైదు ప్రశ్నలు పసివాడికి కూడా తెలిసేవి ఎందుకు పెడతారని నువ్వే ఓసారి విసుక్కున్నావు. అవి పోటీదారు కోసం కాదమ్మా. ‘ఆ కుర్చీలో నేనున్నా చెప్పేవాణ్ని’ అని ఇంట్లోవాడు అనుకోవాలి. ఒకసారి అనుకున్నాడంటే అరగంట దాకా లేవడు.

అమెరికాలో మార్క్ గుడ్‌సన్, బిల్ టాడ్‌మన్ అనే నిర్మాతల జంట ఇదే పనిని ఇంకో దారిలో సాధించింది. 1976లో వాళ్లు తెచ్చిన ‘ఫ్యామిలీ ఫ్యూడ్’లో సరైన జవాబంటే పుస్తకంలో ఉన్నది కాదు, ముందుగా నూరుమందిని అడిగితే ఎక్కువమంది ఏమన్నారో అది. చదువుకోనివాళ్లు కూడా ఆడొచ్చు, ఆ మాటకొస్తే వాళ్లే బాగా ఆడతారు. ‘పెళ్లికి వెళ్లొచ్చినవాళ్లను ఇంట్లోవాళ్లు మొదట ఏమడుగుతారు’ అని ఒక ప్రశ్న పడేసి చూడు, ఏ ఇంట్లోనైనా అన్నాలు చల్లారిపోతాయి. ఐడియా వినిపించడానికి ఎవరొచ్చినా నేనడిగేది ఒకటే: పని చేసుకుంటూ, తెర వంక చూడకుండా, చెవితో విని ఆడగలిగే ఆటేనా ఇది? మధ్యాహ్నం షో అయితే మరీనూ.

2. బడ్జెట్ తగ్గించమంటే ఛానెల్ వాళ్ల చూపు ముందు ప్రశ్నలు రాసే గది మీద పడుతుంది. ఎల్‌ఈడీ తెర తగ్గించుకో, డాన్సర్లను తీసెయ్, ఆ గది జోలికి మాత్రం రానివ్వకు. రాసేవాళ్లు వేరు, సరిచూసేవాళ్లు వేరుగా ఉండాలి. ప్రతి ప్రశ్నకూ రెండు ఆధారాలు ఫైల్లో ఉండాలి. ఒకదాన్ని చూసి రాసిన రెండో వెబ్‌సైటు రెండో ఆధారం కాదు.

తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’నే తీసుకో. 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ ఒకే మాట రాశాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత రికార్డులు తవ్వి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని ఆధారాలతో తేల్చారు. ఇప్పుడు నీ ఆప్షన్లలో 1931, 1932 రెండూ ఉన్నాయనుకో. పాత పుస్తకం శ్రద్ధగా చదువుకున్నవాడు ఓడిపోతాడు. కొత్తది ఒప్పని మనం ఎంత నిరూపించినా, చదివి వచ్చి ఓడిన మనిషి ముందు నిలబడలేం. అలాంటి చోట ప్రశ్నే మార్చెయ్. దర్శకుడెవరని అడుగు. హెచ్.ఎం.రెడ్డి. అందులో తగాదా లేదు.

‘ప్రస్తుతం’ అనే మాటను ప్రశ్నల్లోకి రానివ్వకు. మనం తీసేది ఒకరోజు, టెలికాస్ట్ ఇంకోరోజు, ఆపైన రిపీటు, పదేళ్ల తర్వాత కూడా యూట్యూబ్. తెలంగాణ ఏర్పడ్డప్పుడు 10 జిల్లాలు. 2016 దసరాకు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉన్నవి 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. ఈ తేదీల్లో దేనికైనా ముందువారం షూట్ చేసి తర్వాతివారం వేసిన ఎపిసోడ్‌లో ‘రాష్ట్రంలో జిల్లాలెన్ని’ అనే ప్రశ్న ఉంటే ఆఫీసు ఫోను ఎలా మోగుతుందో ఊహించుకో. ఫలానా సంవత్సరం నాటికి అని ప్రశ్నలోనే పెట్టాలి, లేదా ఆ జోలికి పోకూడదు. మంత్రులు, రికార్డులు, ‘అత్యధిక వసూళ్లు’ అన్నీ ఈ కోవలోవే.

ఆప్షన్ల గురించి ఒకటి చెప్పాలి. సరైన జవాబును రాసేవాడు జాగ్రత్తగా, వివరంగా రాస్తాడు. తప్పు జవాబుల్ని తొందరగా తేల్చేస్తాడు. దాంతో నాలుగింట్లో పొడుగ్గా ఉన్నదే ఒప్పయి కూర్చుంటుంది. రెండు వారాలు చూసిన ప్రేక్షకుడు ఇది పట్టేస్తాడు. సరైనదాన్ని మధ్యలో, ‘సీ’లో దాచే అలవాటూ అంతే. ఏది ఎక్కడ పెట్టాలో చీటీ వేసి తేల్చండి, మనసుకు వదలకండి. నాలుగో ఆప్షన్ దొరక్క హాస్యానికి ఏదో పెట్టారంటే ఆ ప్రశ్నకు ఉన్నవి మూడు ఆప్షన్లే అని లెక్క.

ప్రశ్నలు తెలిసినవాళ్లు పోటీదారులతో కలిసి టీ కూడా తాగకూడదు. మేకప్ రూమ్ ఒక వైపు, ప్రశ్నల గది ఇంకోవైపు. ప్రింటవుట్లకు నంబర్లు వేసి, ప్యాకప్ అయ్యాక లెక్కపెట్టి వెనక్కి తీసుకో. చాదస్తమని నవ్వుతారు. నవ్వనీ.

3. చాదస్తం అన్నాను గనక ఈ కథ. 1956 సెప్టెంబరులో అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్లో ‘ట్వెంటీ వన్’ అని ఒక క్విజ్ మొదలైంది. మొదటి ఎపిసోడ్ నిజాయితీగానే తీశారు. ఇద్దరు పోటీదారులూ ప్రశ్న వెంట ప్రశ్న తప్పుతూ పోయారు, చూసేవాళ్లకు విసుగొచ్చింది. జెరిటాల్ అనే టానిక్ అమ్ముకునే స్పాన్సర్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. నిర్మాత డాన్ ఎన్‌రైట్ అప్పుడు ఆటను బాగుచేయలేదు, ఆడేవాళ్లను కుదుర్చుకున్నాడు. జవాబులు ముందే ఇచ్చాడు. ఎక్కడ తడబడాలో, ఎంతసేపు ఆగాలో, చెమటను తుడవకుండా ఎలా అద్దుకోవాలో రిహార్సల్ చేయించాడు. చెమట నిజంగా పట్టాలి కదా, పోటీదారు నిలబడే గాజుగదిలో ఏసీ ఆపించాడు. ఫ్లోర్ మీద పనిచేసినవాళ్లెవరికైనా ఆ కల్పనాశక్తికి ముచ్చటేస్తుంది. అదే భయపడాల్సిన సంగతి.

హెర్బర్ట్ స్టెంపెల్ అనే పోటీదారు వరసగా గెలుస్తుంటే జనానికి మొహం మొత్తింది. ఇక ఓడిపొమ్మన్నారు. 1955 ఉత్తమ చిత్రం ఆస్కార్ దేనికొచ్చిందన్న ప్రశ్నకు తప్పు చెప్పమన్నారు. జవాబు ‘మార్టీ’. అది అతనికి ప్రాణప్రదమైన సినిమా. ఆ ప్రశ్నకు ఓడిపోవడమే అతనికి కొరుకుడు పడలేదు. అతని స్థానంలోకి కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే చార్లెస్ వాన్ డోరెన్ వచ్చాడు, 1,29,000 డాలర్లు గెలిచాడు, దేశానికి ముద్దుబిడ్డయ్యాడు. 1959 నవంబరులో ప్రతినిధుల సభ కమిటీ ముందు నిలబడి అంతా నాటకమని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది, క్విజ్ ఫలితాన్ని ముందే కుదర్చడం నేరమంటూ అక్కడ చట్టం చేశారు.

మంచిచెడ్డల సంగతి ఒక పక్కన పెట్టు, వృత్తిపరంగా చూడు. మొదటి ఎపిసోడ్ ఎందుకు చప్పబడింది? ప్రశ్నలు మోయలేనంత బరువు, వాటిని మోయగలిగే మనుషుల్ని వెతికే తీరిక లేదు. పది మాక్ గేములు ఆడించి ఉంటే బయటపడే సంగతి ఇది. దొంగతనం చేయించింది ఆ సోమరితనం. మన దగ్గర కూడా ‘చివరి రౌండ్‌లో టై పడితే బాగుంటుంది కదండీ’ అని ఎవరో ఒకరు కంట్రోల్ రూములో నీ వెనక నిలబడి మెల్లగా అంటారు. టై పడేలా స్కోరింగ్ మార్చు. చివరి రౌండుకు పాయింట్లు పెంచు, వెనకబడ్డవాళ్లకు ముందు ఎంచుకునే అవకాశమివ్వు. అదంతా షూటింగుకు ముందు కాగితం మీద చేసుకునే పని. కెమెరా తిరిగాక స్కోరు బోర్డు మీద చేయి వేయకు.

సినిమావాళ్ల షోల్లో ఇది కాస్త తికమక. హీరోగారు ఓడిపోతే బాగోదని మేనేజర్ ముందే చెప్పి పంపుతాడు. అలాంటప్పుడు గెలుపోటముల ఆటే పెట్టకుండా నవ్వుల ఆట పెట్టుకో. పాయింట్లు లేకపోతే అబద్ధం ఆడే అవసరమే రాదు. ఎడిటింగులో నా గీత ఇది: చప్పట్లు పెంచుతాను, నవ్వు అతికిస్తాను, నత్తి తీసేస్తాను. జవాబు చెప్పడానికి పట్టిన సమయాన్ని, బజర్ ఎవరు ముందు నొక్కారన్న వరుసను తాకను.

ఆ కుంభకోణంతో అమెరికా క్విజ్జులన్నీ తలదించుకున్న రోజుల్లో, మెర్వ్ గ్రిఫిన్ అనే నిర్మాతకు భార్య జూలన్ ఒక చిట్కా చెప్పింది. జవాబులిచ్చేశారని కదా గోల, మనం బాహాటంగా జవాబులే ఇచ్చేద్దాం, ప్రశ్న వాళ్లను చెప్పమందాం అంది. 1964లో మొదలైన ‘జెపర్డీ’ అదే. ఇన్నేళ్లయినా పేరు నిలబెట్టుకుంటూనే ఉంది.

4. నిబంధనల కాగితం పోటీదారు కోసం రాస్తున్నామనుకుంటాం. అది మన ప్రాణానికి రాసుకునే కాగితం.

1984లో అమెరికా సీబీఎస్‌లో ‘ప్రెస్ యువర్ లక్’ అనే షోకి ఒహాయో నుంచి మైకేల్ లార్సన్ అని ఒకతను వచ్చాడు. ఐస్‌క్రీమ్ బండి నడుపుకునేవాడు. బోర్డు మీద లైటు ఒక్కో గడిలో మెరుస్తూ తిరుగుతుంటుంది, బజర్ నొక్కితే ఆగుతుంది, కొన్ని గడుల్లో డబ్బు, కొన్నింట్లో ఉన్నదంతా ఊడ్చిపెట్టే బొమ్మ. లైటు ఇష్టం వచ్చినట్టు తిరుగుతోందని అందరూ అనుకున్నారు. అది అయిదు వరసల్లోనే తిరుగుతోందని లార్సన్ ఇంట్లో ఎపిసోడ్లు రికార్డు చేసుకుని, ఆపి ఆపి చూసి కనిపెట్టాడు. డబ్బు గడి దగ్గరే లైటును ఆపుకుంటూ పోయి ఒక్క ఆటలో 1,10,237 డాలర్లు పట్టుకెళ్లాడు. కంట్రోల్ రూములో వాళ్ల మొహాలు నాకు కళ్లకు కట్టినట్టున్నాయి. ఛానెల్ లాయర్లు నిబంధనలు తిరగేశారు. బోర్డును బట్టీ పట్టకూడదని ఎక్కడా లేదు. డబ్బు ఇచ్చేశారు, తర్వాత వరసల సంఖ్య పెంచారు. ఆ రెండూ చేయాల్సిన పనులే. గెలిచినవాణ్ని దొంగ అనడం తేలిక. లార్సన్ చేసింది మాత్రం అచ్చమైన చదువు.

2001లో బ్రిటన్ ‘మిలియనీర్’లో సైన్యంలో మేజర్‌గా ఉన్న చార్లెస్ ఇంగ్రామ్ పది లక్షల పౌండ్లు గెలిచాడు. సరైన జవాబు పలికినప్పుడల్లా వెనక నుంచి ఒక దగ్గు వినిపించిందని సౌండ్ ట్రాకుల్లో బయటపడింది. చెక్కు ఆపేశారు, 2003లో కోర్టు అతనికి, అతని భార్యకు, దగ్గిన మనిషికి మోసం కింద శిక్ష వేసింది. ఇది దొంగతనమే. లార్సన్‌కూ ఇతనికీ తేడా ఎలా తెలిసింది? మైకులు విడివిడి ట్రాకుల మీద రికార్డయి ఉండబట్టి. అందుకని సౌండ్ రికార్డిస్టు ఏమడిగినా ఇవ్వు. హార్డ్ డిస్కులు చాలలేదని రష్, అంటే తీసిన ఫుటేజీ, చెరిపేస్తామంటే మాత్రం ఒప్పుకోకు. బహుమతి చేతికి అందేదాకా మొత్తం రష్ బీరువాలో ఉండాలి.

5. యాంకర్ చెవిలో ఒక్కరే మాట్లాడాలి. డైరెక్టరు, నువ్వు, ఛానెల్ నుంచి వచ్చినాయన, ముగ్గురూ టాక్‌బ్యాక్ మీద చేయి వేస్తే ఆమె ఎదుటి మనిషి మాట వినడం మానేస్తుంది. వినని యాంకర్‌ను అరక్షణంలో పట్టేస్తారు ప్రేక్షకులు.

ఈటీవీ ‘స్టార్ మహిళ’ను సుమ పన్నెండేళ్లు నడిపింది. ఇంటి భాష మలయాళం. అయినా ఏ ఊరి ఆవిడ వచ్చినా ఆ ఊరి మనిషిలాగే మాట కలిపేది. ఆ షోలో ఆటలు గొప్పవేం కావు. గ్లాసులు పేర్చడం, బంతులు వేయడం. జీవితంలో మొదటిసారి కెమెరా ముందు నిలబడ్డ గృహిణికి రెండు నిమిషాల్లో అత్తగారి మీద జోకు వేసేంత చనువు ఎలా వచ్చేదో చూడు, నేర్చుకోవాల్సింది అది. ఎదుటివాళ్ల జవాబు చివరి మాట నుంచి తన తర్వాతి మాట అందుకునేది. స్క్రిప్టు చూసి చదివే యాంకర్‌కు అది రాదు.

పెద్ద హీరోలను పెడితే లెక్క వేరు. 2014లో మాటీవీ ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’కు నాగార్జున, 2017లో చిరంజీవి, 2021లో జెమినీ టీవీకి ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ పేరుతో జూనియర్ ఎన్టీఆర్. హాట్ సీట్‌లోకి వచ్చిన మనిషి మొదటి అయిదు నిమిషాలూ ఆట ఆడడు, అభిమాని అయిపోతాడు. కళ్లనీళ్లు, సెల్ఫీ, అమ్మ పంపిన సున్నుండలు. దాన్ని తుంచకు, ప్రేక్షకులు చూడాలనుకునేది అదే. అయితే మొదటి ప్రశ్న పడ్డాక హీరో పరీక్ష పెట్టేవాడుగా మారాలి. ఆ మలుపు తిప్పగలిగినవాడికే ఈ కుర్చీ నప్పుతుంది.

6. పోటీదారుల ఎంపికలో తెలివికి సగం మార్కులే వెయ్యి. మిగతా సగం, ఆలోచన మొహంలో కనబడేవాళ్లకు. అన్నీ తెలిసీ బండరాయిలా కూర్చునేవాడు ఇంట్లోవాళ్లకు పనికిరాడు. ఆడిషన్‌లో నేను ప్రశ్నలు తక్కువ అడిగేవాణ్ని. ‘ఈ డబ్బొస్తే ఏం చేస్తారు’ అని అడిగి ఊరుకునేవాణ్ని. ‘అనాథాశ్రమం పెడతా’ అన్నవాళ్లకంటే ‘తమ్ముడి దగ్గర తీసుకున్న అప్పు వాడి మొహాన కొడతా’ అన్నవాళ్లను ముందు పిలిచేవాణ్ని.

పేదరికాన్ని మాత్రం అమ్ముకోకు. ఈ మధ్య ప్రోమోల్లో వెనక ఏడుపు మ్యూజిక్కు పెట్టి, కూలిపోయిన ఇల్లు చూపించి, ఆ తర్వాత ప్రశ్న అడుగుతున్నారు. అతను ఓడిపోతే ఆ ఇంటికి మనం ఏం జవాబు చెబుతాం? 2021లో ‘ఎవరు మీలో కోటీశ్వరులు’లో కోటి రూపాయలు గెలిచినది ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు. ఏడిపించే కథ అవసరం లేకపోయింది, మనిషి ఆట చాలింది.

7. ఆడియన్స్. భోజనాల తర్వాత తీసే ఎపిసోడ్‌లో ఎవరూ నవ్వరు. మంచి ఆటలన్నీ పొద్దున పెట్టుకో. రోజుకు నాలుగు ఎపిసోడ్లు తీస్తుంటే మూడోదానికి ఆడియన్స్‌ను మార్చు, కనీసం వరసలు మార్చి చీరల రంగులు తిప్పు. కృష్ణానగర్ నుంచి కోఆర్డినేటర్ తెచ్చే జనం చెప్పిన చోట చప్పట్లు కొడతారు, కాలేజీ పిల్లలు ఇష్టమొచ్చిన చోట కొడతారు. రెండోవాళ్లే నయం. కాకపోతే ఏసీ చలికి మధ్యలో లేచిపోతారు.

8. బహుమతి సంగతి నిదానంగా చదువు.

ఆటలో గెలిచిన సొమ్ము మీద ఆదాయపు పన్ను 30 శాతం. పదివేలు దాటితే ఇచ్చేవాళ్లమే కోసుకుని జమ కట్టాలి. గెలిచినామెకు మరే ఆదాయం లేదన్నా ఈ సొమ్ముకు మినహాయింపు వర్తించదు. లక్ష గెలిచినవాళ్ల చేతికి డెబ్బయి వేలు వస్తాయి, సెస్సు రిటర్ను వేసేటప్పుడు. 2011లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’లో బీహార్ మోతీహారి యువకుడు సుశీల్ కుమార్ అయిదు కోట్లు గెలిస్తే, పన్ను పోను మిగిలింది సుమారు మూడున్నర కోట్లు. తెర మీద మాత్రం అయిదు కోట్లే మెరుస్తాయి.

డబ్బయితే కోసుకుని మిగతాది ఇవ్వొచ్చు. ఫ్రిజ్‌ను కోయలేం కదా. వస్తువు ఇచ్చేముందే దాని విలువ మీద పన్ను కట్టించుకోవాలని చట్టం. నలభై వేల ఫ్రిజ్ గెలిచినావిడ పన్నెండు వేలు చెల్లిస్తేనే ఫ్రిజ్ ఇంటికొస్తుంది. ఆవిడ స్టేజీ మీద గంతులేసింది, వీధి వీధంతా స్వీట్లు పంచింది, ఆ తర్వాత మన ఆఫీసు నుంచి ఫోను వెళుతుంది, ‘అమ్మా, పన్నెండు వేలు పంపండి’ అని. మోసగాళ్లు చేసే ఫోను కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. భర్త అనుమానిస్తాడు, ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది, మన షో ఆ వీధిలో చచ్చిపోతుంది.

దీనికి మందు ముందే వేయాలి. స్పాన్సర్‌తో బేరం ఆడేటప్పుడే వస్తువుతోపాటు దాని పన్ను కూడా ప్రొడక్షన్ ఖర్చులో కలిపి అడుగు. కుదరకపోతే ఆడిషన్ రోజునే తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకో. ఇంగ్లిషు ఫారాలు ముప్ఫై పేజీలు పెట్టి ఇక్కడ ఇక్కడ అని వేలు చూపించకు. టెలికాస్ట్ అయ్యాక ఎన్ని రోజులకు అందుతుందో అందులోనే రాయి. ఇక స్పాన్సర్లు. కొందరు గోడౌన్లో అమ్ముడుపోని మోడల్ పంపుతారు. తెర మీద వెండిరంగు తలుపు ఫ్రిజ్, ఇంటికొచ్చింది సొట్టపడ్డ ఎర్రది. ఒక స్పాన్సర్ ఇలా చేసినప్పుడు నేను మర్నాటి షూటింగులో అతని లోగో తీయించేశాను. ఛానెల్ మార్కెటింగ్ వాళ్లు లబోదిబోమన్నారు. మూడు రోజుల్లో కొత్త ఫ్రిజ్ వెళ్లింది. బహుమతులు పంపించడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టుకో, ఆ మనిషి జీతాన్ని డైరెక్టరు జీతమంత గౌరవంగా చూడు.

9. గురువారం రేటింగులు వస్తాయి. ఆ రోజు షూటింగ్ పెట్టుకోకు.

అంకె కంటే నిమిషాల గ్రాఫు చూడు. ఎక్కడ జనం లేచిపోయారో అక్కడ ఎపిసోడ్ పెట్టి చూస్తే కారణం నీకే కనబడుతుంది. నేను చూసినంతలో నూటికి తొంభై సార్లు అది నిబంధన వివరించే చోటు. రెండు వాక్యాల్లో చెప్పలేని ఆటను మూడోవారం నుంచి తీసేస్తూ వచ్చాను. ఆటెంత బాగున్నా సరే.

10. ఓడినవాళ్లను చీకటిపడ్డాక గేటు దాకా నడిపించి ఆటో ఎక్కించే పని ఎవరిదో కాల్‌షీట్‌లో రాసి ఉండాలి. శ్రీకాకుళం నుంచి రాత్రంతా బస్సులో వచ్చిన మనిషి మొదటి రౌండులో పోతుంది. గెలిచినవాళ్ల చుట్టూ కెమెరాలుంటాయి, ఈవిడ హ్యాండ్‌బ్యాగు ఎక్కడుందో చెప్పే దిక్కుండదు. చార్జీలు చేతిలో పెట్టి, భోజనం పెట్టి, ఎప్పుడు టెలికాస్టో రాసిచ్చి పంపాలి. స్టాండ్‌బైగా పిలిచి ఆడించకుండా పంపేవాళ్లకు ఇంకా ఎక్కువ మర్యాద చేయాలి. తర్వాతి షెడ్యూల్లో వాళ్లకే మొదటి పిలుపు. పోటీదారులు దొరకడం లేదని ఏడ్చే షోలకు ఏమైందని వాకబు చేస్తే చాలాసార్లు ఇక్కడే తేలుతుంది.

11. ఆఖరుది కాగితాల సంగతి. ఈ ఆట నాది అని అనుకోకు. కాగితం మీద ఎవరిదని ఉందో వాళ్లది.

బ్రిటన్‌లో హ్యూయీ గ్రీన్ అనే ఆయన ‘ఆపర్చునిటీ నాక్స్’ అని ప్రతిభా పోటీ నడిపేవాడు. అదే పేరుతో, అదే తీరుతో న్యూజిలాండ్‌లో షో వేశారు. కోర్టుకెళ్లాడు. 1989లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి ఓడిపోయాడు. షో నడిచే పద్ధతి కాపీరైట్ కిందికి వచ్చేంత నిర్దిష్టంగా లేదన్నారు. అదే ‘మిలియనీర్’ సొంతదారులైన సెలడార్ సంస్థ అన్నీ రాసిపెట్టుకుంది. సెట్టు, లైట్లు, సంగీతం, ప్రశ్నల మెట్లు, యాంకర్ అడగాల్సిన మాట దాకా పుస్తకంగా కట్టి దేశదేశాలకు అమ్మింది. అమెరికాలో లాభాల వాటా సరిగా ఇవ్వలేదని డిస్నీ సంస్థల మీద దావా వేస్తే, 2010లో జ్యూరీ 26.9 కోట్ల డాలర్లు ఇప్పించింది. ఐడియా ఎవరి బుర్రలోనైనా ఉంటుంది. నీ ఆటకూ అలాంటి పుస్తకం ఒకటి రాయి, ప్రతి రౌండూ, ప్రతి స్కోరూ, ప్రతి మినహాయింపూ. రాసి, తేదీ వేసి, ఛానెల్‌కు మెయిల్ చేసి పెట్టుకో.

నువ్వు పంపిన అగ్రిమెంటు చదివాను. ఎపిసోడ్‌కు ఇంత అన్నారు గాని, మధ్యలో ఆపేస్తే సెట్టు ఖర్చు ఎవరు భరించాలో రాయలేదు. యూట్యూబ్, ఓటీటీ హక్కులు ‘అన్ని మాధ్యమాలు’ అనే రెండు మాటల్లో వాళ్ల ఖాతాలో వేసుకున్నారు. ఫార్మాట్ వేరే భాషల్లో తీస్తే నీకేమిటన్నది అసలు లేదు. ఈ మూడూ అడుగు. మూడోది ఇవ్వరు, మొదటిది కచ్చితంగా ఇస్తారు, రెండోదానికి బేరం పెట్టు. కొత్త డ్రాఫ్టు రాగానే వాట్సాప్‌లో పెట్టు, చూసి చెబుతాను. పొద్దున చెయ్యకు, వాకింగ్‌లో ఉంటాను.